సమురాయ్ ఊరేగింపులో నడవాలంటే: జపాన్‌లో చదువుకునే విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

జపాన్‌కి చదువుకోవడానికి వచ్చిన మనవాళ్ళు చాలామంది సమురాయ్ ఊరేగింపు చూస్తారు, రోడ్డు పక్కన నిలబడి నాలుగు ఫొటోలు తీసి ఇంటికి పంపిస్తారు, అంతే. ఆ వరసలో మనమూ నడవొచ్చన్న సంగతే చాలామందికి తెలీదు. నడవొచ్చు. విదేశీ విద్యార్థులకు కవచం తొడిగి, చేతికి బల్లెం ఇచ్చి, తమ దళంలో నిలబెట్టుకునే ఊళ్ళు అక్కడ బాగానే ఉన్నాయి. ఎలా చేరాలి, ఏం సిద్ధం చేసుకోవాలి, ఆ రోజు పొద్దున్నుంచి చీకటి పడేదాకా ఒంటి మీద ఏమేం పడుతుంది, అన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే మిగతా సలహాలన్నీ దాని మీదే నిలబడతాయి: ఇది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ కాదు. కారెంపూడిలో పల్నాటి వీరుల ఆయుధాలకు పూజ జరిగే రోజుల్లో ఊరివాళ్ళు ఎంత నిష్ఠగా ఉంటారో, ఈ ఊళ్ళలో పెద్దవాళ్ళు కూడా ఇంచుమించు అలానే ఉంటారు. మీరు నడిచేది వాళ్ళ తాతముత్తాతల వరసలో.

ముందు పండుగను ఎంచుకోండి

మొదటిసారి అయితే నేను చెప్పేది కోఫు. యమనషి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం) ముఖ్య పట్టణం, టోక్యో షింజుకు స్టేషన్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైల్లో గంటన్నర. అక్కడ జరిగేది తకెద షింగెన్ పేరున పండుగ. 1521లో పుట్టి, ఆ ప్రాంతాన్ని ఏలి, 1573లో పాత పంచాంగం లెక్కన నాలుగో నెల పన్నెండో రోజున పోయిన యుద్ధప్రభువు ఆయన. అందుకే పండుగ ఏప్రిల్‌లో ఆ తేదీకి దగ్గరగా పెట్టేవాళ్ళు. ఈ మధ్య కొన్నేళ్ళు అక్టోబరులో కూడా జరిపారు, కాబట్టి ఎప్పటిదో పాత పేజీలో తేదీ చూసి రైలు టికెట్ కొనేయకండి, ఆ ఏడాది ప్రకటన చూడండి. షింగెన్‌నీ, ఆయన ఇరవై నలుగురు సేనానుల్నీ, ఒక్కొక్కరి దళాన్నీ విడివిడిగా నడిపిస్తారు. 2012లో ఇక్కడ 1,061 మంది సమురాయ్ వేషంలో ఒక్కచోట చేరి గిన్నిస్ రికార్డు సాధించారు. అంత పెద్ద సైన్యం నిలబడాలంటే బయటివాళ్ళు కూడా కావాలి, మనకు దారి దొరికేది అక్కడే.

టోక్యో, యొకొహమ వైపు ఉండేవాళ్ళకు ఒదవర కూడా మంచిదే. మే 3న హోజో వంశం ఐదు తరాల పేరున ఊరేగింపు జరుగుతుంది, 1590లో జపాన్‌ని ఏకం చేసిన తోయొతోమి హిదెయోషి ముట్టడించి లొంగదీసుకున్న కోట ఊరది. ఆ పక్కనే హకోనెలో నవంబరు 3న జరిగేది యుద్ధానికి వెళ్ళే సైన్యం కాదు, ఎడో కాలంలో (1603–1868) ప్రభువు రాజధానికి ప్రయాణం కట్టే పరివారం. అందులో కవచాల బరువు ఉండదు, నడక మాత్రం ఎక్కువ. సెందైలో మే నెలలో జరిగే అఓబ పండుగలో ఆ ఊరిని స్థాపించిన ప్రభువు దతె మసమునె సైన్యం నడుస్తుంది. క్యోటోలో ఉన్నవాళ్ళకు అక్టోబరు 22న జిదై మత్సురి ఉంది, 1895లో మొదలైంది, పందొమ్మిదో శతాబ్దపు మెయ్‌జీ కాలం నుంచి వెనక్కి, వెయ్యేళ్ళ కిందటి హెయాన్ కాలందాకా ఒక్కో యుగం ఒక్కో దళంగా నడుస్తుంది, మొత్తం 2,000 మంది దాకా ఉంటారు.

అడక్కుండా వదిలేయాల్సినవి కూడా ఉన్నాయి. ఫుకుషిమలో సోమ నొమఓయ్ గుర్రాల పండుగ అద్భుతంగా ఉంటుంది, కానీ అందులో స్వారీ చేసేవాళ్ళు ఆ ప్రాంతపు కుటుంబాలవాళ్ళు, చిన్నప్పటినుంచి గుర్రాలతో పెరిగినవాళ్ళు. అక్కడ రౌతుల్ని మేడ మీద నుంచి కిందకి చూడ్డం కూడా అమర్యాద, ఊరేగింపును అడ్డంగా దాటడమూ అంతే. నిక్కోలో మే 18న జరిగే వెయ్యిమంది యోధుల ఊరేగింపు కూడా అలాంటిదే. 1617లో జపాన్ మొత్తాన్ని ఏలిన తొకుగవ ఇయెయసు అవశేషాలను అక్కడికి తెచ్చిన యాత్రను మళ్ళీ నడిపిస్తారు, అది గుడి కార్యక్రమం. ఇలాంటివి పక్కన నిలబడి చూడండి, చాలు.

ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి

మొదట మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకి వెళ్ళండి. చుట్టుపక్కల ఊళ్ళ పండుగ కమిటీల నుంచి పిలుపులు వచ్చేది వాళ్ళకే, అది నోటీసు బోర్డు మీద ఒక చిన్న కాగితంగా ఉండిపోతుంది, ఎవరూ చూడరు. అక్కడ లేకపోతే ఆ నగరపు లేదా ప్రిఫెక్చర్ అంతర్జాతీయ సంబంధాల సంఘం, జపనీస్‌లో కొకుసయ్ కోర్యూ క్యోకయ్ అంటారు, ప్రతి ప్రిఫెక్చర్‌లోనూ ఇలాంటిది ఉంటుంది. మూడోది నేరుగా నగర పాలక సంస్థ టూరిజం విభాగం. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు ఇంగ్లిష్‌లో వెతికితే చూడ్డానికి వచ్చేవాళ్ళ పేజీలే వస్తాయి, పాల్గొనేవాళ్ళ పేజీలు రావు. పండుగ పేరు పక్కన "ముష గ్యోరెత్సు" అనీ "సంకష బోషూ" అనీ జపనీస్ లిపిలో కొట్టండి. మొదటిది యోధుల ఊరేగింపు, రెండోది పాల్గొనేవాళ్ళు కావాలన్న ప్రకటన.

పండుగకు మూడు నాలుగు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. వారం ముందు గుర్తొచ్చి ఫోన్ చేస్తే వాళ్ళు చాలా మర్యాదగా "కష్టమండీ" అంటారు, జపాన్‌లో ఆ మాటకి అర్థం కుదరదనే. ఫోన్ చేయాల్సివస్తే "ర్యూగకుసెయ్ దెమొ సంక దెకిమసు క", అంటే విదేశీ విద్యార్థి అయినా పాల్గొనవచ్చా అని అడిగితే సరిపోతుంది, ఆ తర్వాత వాళ్ళే నిదానంగా మాట్లాడతారు. కొన్ని చోట్ల ఫీజు ఉంటుంది, కొన్ని చోట్ల ఉచితం, కొన్ని చోట్ల లాటరీ తీస్తారు. ఫీజు ఉంటే అందులో కవచం అద్దె, భోజనం, ఇన్సూరెన్స్ కలిసున్నాయా అని అడగండి. మూడోది మాత్రం తప్పకుండా అడగండి.

వీసా సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. ఊరికే నడిచి, వాళ్ళు పెట్టిన బెంటో (డబ్బా భోజనం) తిని వస్తే అది పని కాదు. కానీ కొన్ని ఊరేగింపుల్లో విద్యార్థులకు రోజు కూలీ ఇచ్చి నడిపిస్తారు. డబ్బు తీసుకుంటే అది పార్ట్‌టైమ్ ఉద్యోగం కిందకే వస్తుంది, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు ముందుగా పని చేసే అనుమతి ఉండాలి, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 28 గంటల పరిమితిలోకి ఈ గంటలూ చేరతాయి. రెస్టారెంట్‌లోనో కొన్‌బినిలోనో (రోజంతా తెరిచుండే చిన్న దుకాణం) చేస్తున్నవాళ్ళు ఆ వారం లెక్క చూసుకోండి. అనుమానం ఉంటే యూనివర్సిటీ ఆఫీసులో అడిగేయండి, దాచిపెట్టుకుని టెన్షన్ పడొద్దు.

కొలతలు నిజం రాయండి

ఫారంలో ఎత్తు, నడుము, ఛాతీ, తల చుట్టుకొలత, పాదం సైజు అడుగుతారు. పాదం సెంటీమీటర్లలో కావాలి. 28 దాటితే ముందే చెప్పండి, గడ్డి చెప్పుల్లో పెద్ద సైజులు తక్కువ దొరుకుతాయి. నడుము రెండు అంగుళాలు తగ్గించి రాసుకుంటే నష్టం మీకే, కవచం ముందు పలక వెనక పలకకు అందదు, తాళ్ళు పక్కన వేలాడుతుంటాయి. మోకాలి నొప్పి, ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే అవీ రాయండి. తీసేస్తారని భయపడొద్దు, తేలిక వేషం ఇస్తారు.

తేలిక వేషం అంటే సాధారణంగా అషిగరు, అంటే కాలిబంటు. శంకువు ఆకారంలో చదునుగా ఉండే టోపీ, ఛాతీకి మాత్రం కవచం, చేతిలో బల్లెమో జెండానో. సేనాని వేషం రాలేదని బాధపడేవాళ్ళకు నా మాట: మొదటిసారి అషిగరుగానే నడవండి. మెడ తిరుగుతుంది, చుట్టూ కనిపిస్తుంది, నీళ్ళు తాగొచ్చు, పక్కవాడితో మాట్లాడొచ్చు. శిరస్త్రాణం, దాని మీద కొమ్ములు, వెనక జెండా ఉన్న సేనాని గంట తర్వాత ఊరేగింపు గురించి ఆలోచించడు, మెడ గురించి ఆలోచిస్తాడు. అమ్మాయిలకు కూడా చాలా పండుగల్లో యోధుల వేషాలు ఇస్తారు, పరిచారిక వేషమే ఇస్తారేమో అనుకుని వెనక్కి తగ్గకండి, ఏం కావాలో ఫారంలో రాయండి.

ఎవరి సైనికులో తెలుసుకోండి

మీ దళం ఎవరిదో చెప్పగానే ఒక సాయంత్రం కూర్చుని చదవండి. కోఫు అయితే షింగెన్ జెండా మీద నాలుగు పదాలు ఉంటాయి, గాలి, అడవి, అగ్ని, కొండ. చైనా యుద్ధశాస్త్రవేత్త సున్ జు రాసినదాన్నుంచి తీసుకున్నవి. యమగత మసకగె దళంలో పడితే మీకు ఎర్ర కవచం వస్తుంది, ఆయన అశ్వికులు ఒళ్ళంతా ఎరుపు వేసుకునేవాళ్ళు. యమమొతొ కన్సుకె ఒంటికన్ను వ్యూహకర్త, 1561లో కవనకజిమ యుద్ధంలో పోయాడు. షింగెన్ పోయిన రెండేళ్ళకే, 1575లో నగషినోలో ఆయన కొడుకు కత్సుయొరి సైన్యం ప్రత్యర్థి ప్రభువులు ఒద నొబునగ, తొకుగవ ఇయెయసుల తుపాకుల ముందు కూలిపోయింది, యమగత, బబ, నయితో అనే సేనానులు ముగ్గురూ ఆ రోజే చనిపోయారు. 1582కల్లా వంశమే లేదు. ఓడిపోయి తుడిచిపెట్టుకుపోయిన సైన్యాన్ని ఆ ఊరు ఏటేటా మళ్ళీ లేపి నిలబెడుతోందన్నమాట. ఇది తెలిసి నడిచేవాడి నడకే వేరుగా ఉంటుంది. పైగా కవచం కట్టే పెద్దాయన "నీ సేనాని ఎవరు?" అని అడిగినప్పుడు పేరు చెప్పగలిగితే ఆయన ముఖం వెలిగిపోతుంది.

ముందు రోజు సంచిలో ఏం ఉండాలి

లోపల వేసుకోవడానికి చెమట పీల్చే పొడుగు చేతుల బనియను, కాలర్ లేనిది, ముదురు రంగుది. మోకాలు దాటని షార్ట్స్. బొటనవేలు విడిగా ఉండే తాబి సాక్సు వాళ్ళే ఇస్తారేమో అడగండి, లేకపోతే కొనుక్కోండి. సన్నని టవళ్ళు రెండు మూడు, ఎందుకో కింద చెప్తాను. బొబ్బలకు ప్లాస్టర్లు. వంగే స్ట్రా ఒకటి, శిరస్త్రాణం తాళ్ళు గడ్డం కింద కట్టాక సీసా ఎత్తి తాగడం కుదరదు. ఉప్పు బిళ్ళలు, పొకారి స్వెట్ లాంటి డ్రింకు. కళ్ళద్దాలవాళ్ళు కాంటాక్ట్ లెన్సులు ఉంటే పెట్టుకోండి, లేకపోతే అద్దాలకు వెనక తాడు కట్టుకోండి, చాలా చోట్ల అద్దాలు తీసేయమంటారు. వాచీ, ఉంగరాలు, చెవి పోగులు, గోళ్ళరంగు ఇంట్లోనే వదిలేయండి. జుట్టు పొడుగ్గా ఉంటే మెడ దగ్గర కిందికి ముడేయండి, నడినెత్తిన ముడి ఉంటే శిరస్త్రాణం కూర్చోదు.

శాకాహారులకు ప్రత్యేకంగా: వాళ్ళు ఇచ్చే బెంటోలో కూరగాయలు కనిపించినా అవి చేపతో కాచిన రసంలో ఉడికినవే అయ్యుంటాయి. మాంసం తిననని చెబితే చేప పెడతారు, వాళ్ళ లెక్కలో చేప వేరు. కాబట్టి ఫారంలో వివరంగా రాయండి, అయినా సొంత డబ్బా తీసుకెళ్ళండి. నా దృష్టిలో ఆ రోజుకి పులిహోరను మించింది లేదు, చల్లారినా బావుంటుంది, మధ్యాహ్నందాకా పాడవదు, ఉప్పూ పులుపూ రెండూ ఒంటికి అందుతాయి. కొన్‌బినిలో రేగుపండు ఊరగాయలాంటి ఉమె పెట్టిన అన్నం ముద్ద దొరుకుతుంది, దాంట్లోనూ చేప పొడి కలపొచ్చు, వెనక లేబుల్ చదివి కొనండి.

సొంత కత్తి మాత్రం తీసుకెళ్ళకండి. బొమ్మదైనా సరే. కత్తిలా కనిపించే లోహపు నకళ్ళు సరైన కారణం లేకుండా పట్టుకు తిరగడం కూడా అక్కడ చట్టవిరుద్ధం, రైల్లో ఎవరైనా చూసి పోలీసులకు చెబితే ఆ రోజంతా స్టేషన్లోనే. కత్తి వాళ్ళే ఇస్తారు.

కవచం తొడిగే గంట

పెద్ద హాలు, నేల మీద నీలం పట్టాలు, వరసగా పెట్టెలు, ప్రతి పెట్టె మీద నెంబరు. మీ నెంబరు దగ్గర నిలబడండి, తొడిగేవాళ్ళు వస్తారు. హకమ (కుచ్చిళ్ళున్న వెడల్పాటి పంట్లాం) వేయకముందే బాత్రూమ్‌కి వెళ్ళి రండి. ఇది మొదటి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది, తర్వాత అవకాశం ఉండదు.

వరస కింది నుంచి పైకి నడుస్తుంది, రెండు వైపులా ఉన్నవాటిలో ఎడమదే ముందు. లోపలి వస్త్రం తొడిగేటప్పుడు మీ ఎడమ వైపు అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వేయడం శవాలకు చేసే పద్ధతి. తర్వాత హకమ, తాబి, పిక్కలకు పట్టీలు, గడ్డి చెప్పులు. వీటిని వరాజి అంటారు, వేళ్ళు చెప్పు అంచు దాటి కాస్త ముందుకు రావాలి, సైజు చిన్నదైందని కంగారు పడకండి, అది అలానే ఉంటుంది. తాడు మడమ చుట్టూ తిప్పి చీలమండ దగ్గర కట్టేటప్పుడు కొంచెం బిగువుగానే కట్టించుకోండి, నడిచేకొద్దీ గడ్డి సాగుతుంది. చాలా పండుగల్లో వీటికి బదులు రబ్బరు అడుగున్న జికతాబి ఇస్తారు, ఇస్తే మహా సంతోషంగా తీసుకోండి.

పిక్కల కవచం, తొడల కవచం, చేతుల కవచం అయ్యాక ఛాతీ కవచం, దాన్ని దో అంటారు. నిజమైన పాత కవచాలు మొత్తం కలిపి ఇరవై కిలోల దాకా ఉంటాయి, పండుగల్లో వాడేవి అల్యూమినియం, ప్లాస్టిక్, తోలు, కొన్ని ఊళ్ళలో స్థానికులు అట్టతో చేసుకున్నవి కూడా, కాబట్టి చాలా తేలిక. అయినా పట్టీలు భుజాల మీద కోసుకుపోతాయి. టవళ్ళు అందుకే. మడిచి భుజాల మీద పెట్టుకున్నాకే దో ఎక్కించమనండి.

ఇక్కడ ఒక్క నిమిషం శ్రద్ధ పెట్టండి, మీ రోజంతా దీని మీద ఉంది. దో తొడిగాక నడుముకి ఒక పొడుగు గుడ్డ పట్టీ చుడతారు. అది అలంకారం అనుకుని ఊరికే నిలబడితే బరువంతా భుజాల మీదే ఉండిపోతుంది. తెలిసిన పెద్దవాళ్ళు ఏం చేస్తారంటే, ఒకరు వెనక నిలబడి దోని రెండు చేతులతో వేలెడంత పైకి లేపి పట్టుకుంటారు, ఇంకొకరు అప్పుడు పట్టీని తుంటి ఎముకల పైన గట్టిగా బిగించి కడతారు, తర్వాత మొదటాయన చేతులు వదిలేస్తాడు. ఆ క్షణంలోనే బరువు భుజాల నుంచి నడుములోకి దిగిపోవడం తెలుస్తుంది. తెలియలేదంటే సరిగ్గా కట్టలేదని అర్థం, "మో ఇచిదొ ఒనెగయ్‌షిమసు", ఇంకొక్కసారి దయచేసి, అని అడగండి. మొహమాటపడకండి. అలా అడిగేవాడంటేనే వాళ్ళకు నచ్చుతుంది.

కత్తి ఎడమ నడుముకి వస్తుంది. వెనక కాస్త పొడుచుకు వస్తుంది కాబట్టి తిరిగేటప్పుడు చేత్తో ఒరను అదుముకోండి. ఒకరి ఒర ఇంకొకరి ఒరకు తగలడం సమురాయ్‌ల మధ్య పెద్ద అవమానం, ఇవాళ ఎవరూ దెబ్బలాడరు గానీ పెద్దవాళ్ళు గమనిస్తారు. తలకు టవల్ చుట్టి, శిరస్త్రాణం చిట్టచివర, బయల్దేరే ముందు పెట్టుకోవాలి. ఫొటోల కోసం ముందే పెట్టుకుని గంటసేపు తిరిగితే ఊరేగింపు మొదలయ్యేసరికే తలనొప్పి మొదలవుతుంది. తీసినప్పుడు నేల మీద పడేయకండి, ముందున్న చిహ్నం పట్టుకుని ఎత్తకండి, అది విరుగుతుంది, రెండు చేతులతో అంచులు పట్టుకోండి.

బయల్దేరడం, నడవడం

ముందు ప్రయాణపు క్రతువు ఉంటుంది. గుడి దగ్గరైతే రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, ఇంకోసారి వంగుతారు. మీ నమ్మకం వేరైతే తల వంచి నిశ్శబ్దంగా నిలబడండి చాలు, ఎవరూ బలవంతపెట్టరు. సేనాని సాకె (బియ్యపు మద్యం) తాగి గిన్నె పగలగొట్టడం కూడా కొన్ని చోట్ల చూస్తారు. తర్వాత జయధ్వానం: ఆయన "ఎయ్, ఎయ్" అంటాడు, మీరంతా కలిసి ఆయుధం పైకెత్తి "ఓ!" అంటారు. ఇక్కడ సిగ్గుపడొద్దు. పొట్టలోంచి రావాలి. మన గొంతులకు ఇది బాగా నప్పుతుంది, జాతర్లలో అరిచి పెరిగినవాళ్ళం.

నడక నెమ్మదిగా ఉంటుంది, ఆగి ఆగి సాగుతుంది. నిలబడ్డప్పుడు మోకాళ్ళు బిగబట్టకండి, కొంచెం వదులుగా ఉంచండి, లేకపోతే రక్తం కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. చిన్న అడుగులు వేయండి. బల్లెం నిటారుగా పట్టుకోండి, కరెంటు తీగలు, ట్రాఫిక్ లైట్లు, చెట్ల కొమ్మలు వచ్చినప్పుడు దళనాయకుడు చెప్పినట్టు వంచండి, మొన ఎప్పుడూ జనం వైపు తిరగకూడదు. గుర్రాలు ఉంటే వాటి వెనక్కి వెళ్ళకండి. కత్తి దూయకండి, ఎవరు ఫొటో కోసం అడిగినా సరే. ఫోన్ పక్కన నడిచే వాలంటీర్‌కి ఇచ్చేయండి. కవచం మీద సెల్ఫీ తీసుకుంటున్న యోధుణ్ణి చూస్తే పొద్దున్నుంచి రోడ్డు పక్కన కుర్చీ వేసుకు కూర్చున్న ముసలమ్మకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి. పిల్లలు చెయ్యి ఊపితే తల ఊపి నవ్వండి, అది అందరికీ ఇష్టమే.

ఎండ గట్టిగా ఉన్న రోజు దాహం వేయకముందే తాగండి, ప్రతి విరామంలో రెండు గుక్కలు. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, వికారం అనిపించినా వెంటనే పక్కవాడికి చెప్పి వరసలోంచి బయటకు రండి. ఓర్చుకోవడం ఇక్కడ వీరత్వం కాదు, మీరు పడిపోతే దళం మొత్తం ఆగుతుంది. కోఫులోలా సాయంత్రం జరిగే ఊరేగింపుల్లో సమస్య తలకిందులు, సూర్యుడు దిగగానే చెమట చల్లబడి వణుకు పుడుతుంది, విప్పాక వేసుకోవడానికి పొడి బట్టలు, ఒక జాకెట్టు సంచిలో పెట్టుకోండి.

విప్పాక

తొడిగిన వరసకి ఎదురు వరసలో విప్పుతారు. ముడులు లాగేయకండి, విప్పేవాళ్ళు విప్పనివ్వండి, పట్టుతాళ్ళు ఖరీదైనవి, పాతవి. మీ కవచం లోపలి వైపు చెమట తుడిచి, తాళ్ళు చిక్కు లేకుండా పెట్టి, పెట్టె నెంబరు సరిచూసి అప్పగించండి. హాలు ఊడవడానికీ పెట్టెలు మోయడానికీ ఆగినవాళ్ళనే ఆ ఊరు గుర్తుపెట్టుకుంటుంది. "ఒత్సుకరెసమ దెషిత", అంటే బాగా కష్టపడ్డారు అని, ఒక్కొక్కరికీ చెప్పండి, రాత్రి భోజనానికి పిలిస్తే వెళ్ళండి. మద్యం తాగనివాళ్ళు ఊలాంగ్ టీ తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

భుజాల నొప్పికి వేడినీళ్ళ స్నానం మంచి మందు. కోఫు ఊళ్ళోనే యుముర వేడినీటి ఊటలున్నాయి, రైల్లో కొద్ది దూరంలో ఇసవ ఉంది. పచ్చబొట్టు ఉన్నవాళ్ళు ముందు అడిగి వెళ్ళండి, కొన్ని చోట్ల రానివ్వరు.

వారంలోపు కమిటీకి రెండు వాక్యాల మెయిల్ రాయండి, వచ్చీరాని జపనీస్‌లో అయినా పర్లేదు, ఒక ఫొటో జతచేయండి. వచ్చే ఏడాది కూడా ఉంటానంటే అదీ రాయండి, మీ పాదం సైజుతో సహా. మీ జూనియర్లలో ఎవరికైనా ఆసక్తి ఉంటే వాళ్ళ పేర్లు ఆఫీసులో ఇప్పుడే చెప్పి ఉంచండి.